టెక్సాస్‌లో కుటుంబంతో కయోటీల వేట: గాలి, పిలుపు, లైసెన్సు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పటమట_కుర్రాడు (విజయవాడ)

అందరికీ నమస్కారమండీ. డిసెంబరు ఆఖరి వారంలో మా అక్కావాళ్ళింటికి వెళ్తున్నాం, టెక్సాస్‌లో శాన్ ఏంజెలో దగ్గర. బావగారి స్నేహితుడొకాయనకి అక్కడ గొర్రెల రాంచి, అంటే గొర్రెలు పెంచే పెద్ద పొలం ఉంది. చలికాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ పొద్దున్నే వెళ్ళి, కుందేలు అరుపు వినిపించి కయోటీలను (నక్కలాంటి అక్కడి అడవి జంతువులు) దగ్గరికి పిలిచి వేటాడటం వాళ్ళకి మామూలేనట. ఈసారి మమ్మల్నీ రమ్మన్నారు. మొత్తం ఏడుగురం: నేను, బావగారు, అక్క, మా నాన్నగారు, రాంచి యజమాని, 13 ఏళ్ళు, 9 ఏళ్ళు ఉన్న ఇద్దరు మేనల్లుళ్ళు.

నాది బి-2 విజిటర్ వీసా, బావగారిది హెచ్-1బి. మేం తుపాకీ పట్టుకోవచ్చా? ఇంతమంది కూర్చుంటే అసలు కయోటీ వస్తుందా, ఎవరు ఎక్కడ కూర్చోవాలి? నోటితో ఊదే పిలుపు మంచిదా, రిమోట్‌తో పనిచేసే కాలర్ (జంతువుల అరుపులు వినిపించే స్పీకరు పెట్టె) మంచిదా? ఇక్కడ ఉండగానే సాధన చేసుకోగలిగింది ఏమైనా ఉంటే అదీ చెప్పండి. వీడియోల్లో అన్నీ ఒక్కడో ఇద్దరో వెళ్ళే వేటలే, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేది దొరకట్లేదు.


మెస్కీట్_నీడ (అబిలీన్, సొంతూరు తెనాలి)

తమ్ముడూ, ముందు మీ రెండో ప్రశ్నకి. ఏడుగురు కూర్చున్నా కయోటీ వస్తుంది. రానివ్వనివి రెండే: గాలి, కదలిక. శబ్దం గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, చెడిపోయిన స్టాండ్లలో (ఒకచోట కూర్చుని పిలిచే ఒక్కో విడతని స్టాండ్ అంటారు) ఎక్కువభాగం అరుపు బాగోలేక చెడవు. మనుషుల వాసన దాని ముక్కుకి తగిలి చెడతాయి, లేదా అది చూస్తుండగా ఎవరో చెయ్యెత్తి చూపించి చెడతాయి.

గాలి సంగతి మన భాషలో చెప్తాను. బ్యారేజీకి ఎగువ, దిగువ అంటాం కదా, గాలికీ అలాగే అనుకోండి. గాలి వచ్చే వైపు ఎగువ, పోయే వైపు దిగువ. కుందేలు అరుపు విన్న కయోటీ చాలాసార్లు నేరుగా శబ్దం మీదికి రాదు. చుట్టు తిరిగి శబ్దానికి దిగువకి వెళ్ళి, అక్కడ కుందేలుందో ఇంకేదైనా ఉందో వాసన చూసుకుని అప్పుడు దగ్గరికొస్తుంది. కాబట్టి మీ పనల్లా అది చుట్టు తిరిగే దారి మీ కళ్ళముందు, తుపాకీ అందే దూరంలో ఉండేలా చూసుకోవడం.

మీరంతా ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్నారనుకోండి. గాలి తూర్పు నుంచి పడమరకి, అంటే మీ కుడి నుంచి ఎడమకి వీస్తోంది. కాలర్‌ని మీకు ముందు, కాస్త కుడివైపు, 50 గజాల దూరంలో పెట్టండి. ఉత్తరం నుంచి వచ్చే కయోటీ కాలర్‌కి దిగువకి చేరాలని మీ ఎడమ ముందు భాగంలోకి వస్తుంది. మీ వాసన కూడా ఎడమకే పోతుంది గానీ, కాలర్ మీకంటే 50 గజాలు ముందుంది కాబట్టి అది మీ వాసన గీత కంటే ముందు కాలర్ గీతని తాకుతుంది. అక్కడే దాన్ని ఆపి కొట్టాలి. ఇంకో 50 గజాలు ముందుకొచ్చిందంటే మీ వాసన తగులుతుంది, మరుక్షణం కనిపించదు. అందుకే ఎడమ చివరన కూర్చునేవాడు మీలో అందరికంటే నిదానస్తుడై ఉండాలి, ఆ దిగువ వైపు కనీసం 150 గజాలు పొదలు లేకుండా తేటగా ఉండాలి.

కాలర్‌ని పక్కనే పెట్టుకుంటే ఏమవుతుందంటే, కయోటీ చూపు అరుపు వచ్చే చోటు మీదే ఉంటుంది, ఆ చోట ఉన్నది మీరే. 50 గజాలు దూరం పెడితే దాని చూపు అటుంటుంది, మీకు తుపాకీ తిప్పుకునే సందు దొరుకుతుంది.

గాలి ఎటుందో చూడటానికి చిన్న ప్లాస్టిక్ సీసాలో టాల్కం పౌడరు పోసి, మూతకి సూదితో బెజ్జం పెట్టి నొక్కండి. జీపు దగ్గర ఒకసారి, కూర్చున్నాక ఒకసారి, పది నిమిషాలకోసారి. గంటకి 5 నుంచి 12 మైళ్ళ గాలి శుభ్రంగా పనిచేస్తుంది. అసలు గాలి లేకపోతే వాసన ఎటు పోతుందో మనకే తెలీదు. 20 మైళ్ళు దాటితే అరుపు దూరం పోదు, పడమటి టెక్సాస్‌లో అలాంటి రోజులు బోలెడు. చలిగాలి తెర దాటిపోయి గాలి తగ్గిన మర్నాటి ఉదయం దొరికితే వదులుకోవద్దు.

వాసన పోగొట్టే స్ప్రేలూ సబ్బులూ కొనకండి. ఏడుగురు మనుషుల వాసన ఏ స్ప్రేకీ లొంగదు. ఆవకాయ తిన్నారా, ఓట్‌మీల్ తిన్నారా అన్నది దానికి ఒకటే.

బండి కనీసం 300 గజాల అవతల, మిట్ట వెనకో పొదల వెనకో ఆపండి. తలుపులు నొక్కి మూయండి, దబ్బున వేయొద్దు. అక్కడినుంచి గాలికి ఎదురుగానో అడ్డంగానో నడవండి, గాలి వీపున పెట్టుకుని మాత్రం నడవొద్దు. ఫోన్లు సైలెంట్ కాదు, పూర్తిగా ఆఫ్. మిట్ట నెత్తిన నిలబడకండి, ఆకాశం వెనకున్న మనిషి మైలు దూరానికి కనిపిస్తాడు. కూర్చునేది పొద వెనక కాదు, పొదకి ముందు, వీపు ఆనించి, నీడలో. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, కానీ చలికాలంలో ఆకు రాలుస్తుంది, నీడ పల్చగా ఉంటుంది. పక్కనే ఆకు రాలని జూనిపర్ పొద ఉంటే అదే మేలు. కూర్చోబోయే ముందు కింద చూసుకోండి. నాగజెముడు ముక్కలు గడ్డిలో కలిసిపోయి ఉంటాయి, ముల్లు గుచ్చుకున్న పిల్లాడు పావుగంట కదలకుండా కూర్చోలేడు. ఒక్కొక్కరికీ ఒక దళసరి రబ్బరు చాప ముక్క తీసుకెళ్ళండి.

ఒక్కో స్టాండ్‌కి 15 నుంచి 20 నిమిషాలు చాలు. తర్వాతిది కనీసం అర మైలు, వీలైతే మైలు అవతల. ఆ రోజుల్లో అక్కడ సూర్యోదయం ఏడున్నర దాటాక. వెలుగొచ్చిన మొదటి రెండు గంటలు, పొద్దుగూకే ముందు రెండు గంటలు బాగుంటాయి.


గుంటూరు_వకీలు

లైసెన్సు సంగతి నేను చెప్తానండీ, ఇందులో మొహమాటం పనికిరాదు.

అమెరికా ఫెడరల్ చట్టంలో 18వ టైటిల్, సెక్షన్ 922 ప్రకారం నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. బి-2, హెచ్-1బి, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు రారు. అయితే అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే మీకూ బావగారికీ వేట లైసెన్సు కేవలం వేటకే కాదు, తుపాకీ చేత పట్టుకోవడానికే కావాలి. ముందురోజు రేంజికి వెళ్ళి నాలుగు తూటాలు కాల్చి చూద్దామన్నా లైసెన్సు జేబులో ఉండాల్సిందే. చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడ: రేంజికి ముందు వెళ్తారు, లైసెన్సు తర్వాత తీసుకుంటారు. ఇచ్చినవాడికి కూడా ఇబ్బందే. నిషేధం ఉన్న మనిషని తెలిసి తుపాకీ అందిస్తే అది వేరే నేరం.

టెక్సాస్‌లో లైసెన్సు ఇచ్చేది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్. ఏడాది లైసెన్సుకి ఆగస్టు 31తో గడువు తీరుతుంది. బయటివాళ్ళకి వరసగా ఐదు రోజులకి ఇచ్చే లైసెన్సు కూడా ఉంది, కయోటీ లాంటి నాన్‌గేమ్ జంతువులకి (చట్టం వేట జంతువుల జాబితాలో చేర్చనివి) అది సరిపోతుంది. రేంజి రోజు నుంచి ఆఖరి వేట రోజు దాకా ఆ ఐదు రోజుల్లోనే పడేలా తేదీలు చూసుకోండి. గడువు ముగిసిన మర్నాడు మినహాయింపు కూడా ముగుస్తుంది. కయోటీకి అక్కడ సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న హద్దూ లేదు. పశువుల మీద పడుతున్న కయోటీని కొట్టడానికి రాంచి యజమానికి లైసెన్సు అక్కర్లేదన్న నియమం ఉంది. దాన్ని పట్టుకుని మనకీ అక్కర్లేదనుకుంటే మాత్రం, పైన చెప్పిన ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది.

1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. 17 ఏళ్ళు దాటినవాళ్ళు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఆ టైము లేకపోతే ఒక్కసారికి వాయిదా ఇస్తారు, అప్పుడు కోర్సు పూర్తిచేసిన లైసెన్సుదారు మీ పక్కనే ఉండాలి. వాయిదా ఉంది కదా అని కోర్సు వదిలేయకండి. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్ళకి అందులో ఉన్నదంతా పనికొచ్చేదే.

కాలర్ రిమోట్ నొక్కేవాళ్ళు, నోటితో పిలిచేవాళ్ళు కూడా లైసెన్సు తీసుకుని ఉండటం మేలు. పిలవడం కూడా వేటలో భాగమే. ఊరికే కూర్చుని చూసేవాళ్ళకి అక్కర్లేదు. రాంచి యజమాని అనుమతి నోటిమాటగా కాక కాగితం మీద, తేదీలతో రాయించుకోండి. ఆ కంచె దాటి పక్కవాళ్ళ భూమిలోకి ఒక్క అడుగు కూడా వేయొద్దు, దెబ్బతిన్న జంతువు అటు వెళ్ళినా సరే, ముందు ఫోన్ చేసి అడగాలి. పబ్లిక్ రోడ్డు మీద నుంచి కాల్చడం నేరం.


పటమట_కుర్రాడు

వకీలుగారూ, ఇది తెలియక ముందే రేంజికి వెళ్ళేవాళ్ళం, చాలా థాంక్సండీ. మెస్కీట్ అన్నా, ఎడమ చివర నిదానస్తుడు అన్నారు, మిగతావాళ్ళ సంగతి? పిల్లలిద్దరూ తప్పకుండా వస్తామంటున్నారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు. తుపాకీలు రాంచి ఆయన దగ్గర మూడున్నాయట.


మెస్కీట్_నీడ

మూడున్నా రెండే తీసుకెళ్ళండి. ఏడుగురిలో రెండు తుపాకీలే ఉండాలి, అంతకుమించి వద్దు. మూడో తుపాకీ వల్ల పెరిగేది కయోటీల లెక్క కాదు, ప్రమాదం.

అందరూ ఒకే గీతలో, భుజం పక్కన భుజంగా, అందరి ముఖాలూ ఒకే వైపు. ఒకరు కాస్త ముందు, ఒకరు కాస్త వెనక అన్నది ఉండకూడదు. ఎదురెదురుగా రెండు గుంపులుగా విడిపోయి కాపు కాయడం ఇద్దరు అనుభవజ్ఞులు చేసే పని, కుటుంబంతో ఎప్పుడూ చేయొద్దు. ఎడమ చివర ఒక తుపాకీ, కుడి చివర ఒక తుపాకీ, మధ్యలో చూసేవాళ్ళు. నేరుగా ముందున్నది పన్నెండు గంటల ముల్లు అనుకుంటే, ఎడమవాడిది 9 నుంచి 12 దాకా, కుడివాడిది 12 నుంచి 3 దాకా. కయోటీ ఆ గీత దాటి పక్కవాడి వైపు వెళ్ళిందా, అది పక్కవాడిదే. దాని వెంట తుపాకీ తిప్పుకుంటూ రాకూడదు. ఇది చెప్పడం తేలిక, ఎదురుగా పరుగెడుతున్నప్పుడు చేతులు వినవు. అందుకని కూర్చోగానే ఒక్కొక్కరూ తమ హద్దులో ఉన్న పొదని, రాయిని గుసగుసగా పేరుపెట్టి చెప్పాలి: నా హద్దు ఈ ఎండు చెట్టు దాకా. రెండోవాడు సరేననాలి. ముందురోజు సాయంత్రం ఇంటి వెనక జాగాలో తుపాకీలకి బదులు ఉత్త కర్రలు పట్టుకుని పదిసార్లు చేయించండి.

మధ్యలో కూర్చున్న పిల్లల తల ఎప్పుడూ బారెల్ చివరకంటే వెనకే ఉండాలి. మోత బారెల్ కొసలో పుడుతుంది. కొసకి మజిల్ బ్రేక్ (తుపాకీ తన్నడం తగ్గించే బెజ్జాల తొడుగు) బిగించి ఉంటే మోత ముందుకి కాక పక్కలకి కొడుతుంది, పక్కనున్న పిల్లల చెవులకి అది చాలా హాని. అలాంటి రైఫిల్ ఉంటే ఆ రోజుకి ఇంట్లోనే ఉంచమనండి. ఏడుగురికీ చెవి కప్పులు ఉండాలి, ఎలక్ట్రానిక్‌వైతే గుసగుసలు వినిపిస్తాయి, మోతని మాత్రం కోసేస్తాయి. 9 ఏళ్ళవాడిని అక్క పక్కన కాకుండా అక్కకి ముందు, ఒళ్ళోకి ఆనుకుని కూర్చోబెడదామనుకుంటారేమో, వద్దు. గీతలోనే.

పిల్లలకి ఒకటే నియమం: కనిపిస్తే చేత్తో చూపించకూడదు, మోకాలితో పక్కవాళ్ళ మోకాలు తట్టాలి. తల తిప్పాలన్నా గడియారం ముల్లంత నెమ్మదిగా. చేతులకి గ్లవ్స్, ముఖానికి పల్చని గుడ్డ ముసుగు వేయండి. తెల్లగా కదిలేవి అవే. నారింజ రంగు టోపీ వేస్తే కయోటీ పారిపోతుందని భయపడొద్దు, కుక్క జాతికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలీదు. కదలని నారింజ టోపీ వల్ల నష్టం లేదు, మీ వాళ్ళు మీకు కనిపిస్తారు.

నాన్నగారికి చిన్న మడత కుర్చీ వేయండి, పెద్ద జూనిపర్ పొద ముందు, వీపు వెనక ఆకు బాగా ఉండేలా. కుర్చీ ఎత్తు వల్ల అందరిలోకీ దూరం చూడగలిగేది ఆయనే, కాబట్టి కాలర్ రిమోట్ ఆయన చేతికివ్వండి. వకీలుగారు చెప్పినట్టు ఆయనకీ లైసెన్సు తీయండి.

తూటా ఛాంబర్‌లోకి వెళ్ళేది అందరూ కూర్చున్నాక, హద్దులు చెప్పుకున్నాక. లేచేముందు ఇద్దరూ బోల్ట్ తెరిచి, ఖాళీ అని ఒకరికొకరు చూపించుకోవాలి. ఆ తర్వాతే పిల్లలు లేస్తారు. బండిలో లోడు చేసిన తుపాకీ ఉండదు. కాల్చాక కయోటీ పడిపోయినా ఎవరూ పరుగెత్తరు, రెండోది వస్తూ ఉండొచ్చు.

తుపాకీ గురించి రెండు మాటలు. .223 రెమింగ్టన్, 55 గ్రెయిన్ తూటా చాలు, తన్నడం తక్కువ, కొత్తవాళ్ళు భయపడరు. 100 గజాల దగ్గర అంగుళంన్నర పైకి తగిలేలా పెట్టుకుంటే 200 దాకా లెక్కలు కట్టుకోనవసరం లేదు. మీవరకు 150 గజాలు దాటి కాల్చకండి. స్కోప్ (తుపాకీ మీది దుర్భిణి) ఎప్పుడూ తక్కువ రెట్లలో, 3 లేదా 4 మీద ఉంచండి. 12 మీద పెట్టుకుని కూర్చుంటే 40 గజాల్లోకి వచ్చిన కయోటీ స్కోప్‌లో బూడిదరంగు బొచ్చు తప్ప ఇంకేమీ కాదు. తుపాకీని మూడు కాళ్ళ కర్ర మీద ఆన్చకుండా కాల్చొద్దు. ఎడమ చివరవాడి దగ్గర 12 గేజ్ షాట్‌గన్ ఉంటే మంచిదే, 4 నంబరు బక్‌షాట్‌తో (ఒకేసారి చాలా గుళ్ళు వదిలే తూటా), 40 గజాల లోపలే.

ఒక ముఖ్యమైన సంగతి. అరుపు వినగానే వచ్చేది కయోటీ ఒక్కటే కాదు. గొర్రెల కాపలా కుక్కలు, పక్క రాంచి కుక్కలు కూడా వస్తాయి. ఆ మందలో తెల్ల పైరనీస్ కుక్కలున్నాయేమో, ఏ మూల తిరుగుతాయో యజమానిని ముందే అడగండి. కయోటీ సాధారణంగా 10 నుంచి 15 కిలోలు, మూతి సన్నం, చెవులు పెద్దవి, పరుగెత్తేటప్పుడు తోక కిందికి ఉంటుంది. స్పష్టంగా గుర్తుపట్టకపోతే సేఫ్టీ తీయొద్దు.


ఈల_మాస్టారు (విజయవాడ)

పిలుపుల గురించి నేను రాస్తాను. మీకు రిమోట్ కాలర్ మంచిది, కారణం పైన చెప్పిందే, శబ్దం మనుషులకి దూరంగా పుడుతుంది. ఫాక్స్‌ప్రో, ఐకోటెక్ లాంటి కంపెనీలవి వస్తాయి. అయితే నోటి పిలుపు ఒకటి మెడలో ఉండాల్సిందే. బ్యాటరీలకి చలి పడదు, రిమోట్ సిగ్నల్‌కి గడ్డి, రాళ్ళు పడవు. కాలర్‌ని నేల మీద పెట్టి మిట్ట ఇవతల కూర్చుంటే సగం నొక్కులు అందవు. నడుము ఎత్తు పొద మీద పెట్టండి, స్పీకరు మీ వైపు కాక బయటికి చూసేలా. కొత్త బ్యాటరీలు వేసి, మరో సెట్ లోపలి జేబులో, ఒంటి వేడికి తగిలేలా పెట్టుకోండి.

మొదటి నిమిషం వాల్యూమ్ మూడో వంతుకి మించొద్దు. కయోటీ వంద గజాల్లోనే పడుకుని ఉండొచ్చు, నెత్తిన పిడుగు పడ్డట్టు అరిస్తే లేచి అవతలికి పోతుంది. ఆ తర్వాత రెండేసి నిమిషాలకి కొంచెం పెంచండి. డిసెంబరులో కుందేలు ఆర్తనాదమే ప్రధానం. ఏడెనిమిది నిమిషాలకి ఏదీ రాకపోతే పిట్ట ఆర్తనాదానికి మార్చండి. ఆఖరి మూడు నాలుగు నిమిషాలు కయోటీ పిల్ల దెబ్బతిని ఏడ్చే అరుపు. అది ఆకలితో పనిలేకుండా లాగే శబ్దం, దూరంగా ఆగిపోయి ఆలోచిస్తున్నదాన్ని కూడా కదిలిస్తుంది. కాల్పు మోగిన వెంటనే కూడా అదే నొక్కాలి, జతగా వచ్చిన రెండోది చాలాసార్లు ఆగి వెనక్కి చూస్తుంది. జతకట్టే కాలం జనవరి నుంచి మార్చి దాకా, ఫిబ్రవరి నడిమధ్య. మీ ప్రయాణం జనవరి రెండో వారం దాకా సాగితే స్టాండ్ మొదట్లో ఒంటరి ఊళ ఒకటి వేసి, రెండు మూడు నిమిషాలు మౌనంగా ఉండి, ఆపైన కుందేలుకి వెళ్ళండి. డిసెంబరులోనే గట్టి గట్టి సవాలు ఊళలు వేస్తే చిన్న వయసు కయోటీలు జడుసుకుంటాయి.

నోటి పిలుపులో రీడ్ (ఊదితే అదిరి పలికే పల్చని రేకు) మూసి ఉన్నది కొత్తవాళ్ళకి సులువు, ఊదితే చాలు కుందేలు పలుకుతుంది. తెరిచిన రీడ్‌తో కుందేలు, పిట్ట, ఊళ మూడూ వస్తాయి, పళ్ళు ఆన్చే చోటు జరిపితే శ్రుతి మారుతుంది. గాలి బుగ్గల్లోంచి కాదు, కడుపులోంచి రావాలి, నాదస్వరం ఊదేవాళ్ళు చెప్పేదే. ఒక్కో అరుపు ఒకటి రెండు సెకన్లు, మొదట గట్టిగా ఎత్తుకుని చివర జారిపోవాలి. వరసగా ముప్పై సెకన్లు, ఆపి నిమిషం. ఒకే ఎత్తులో ఒకే వేగంతో ఊదితే అది ఈల అవుతుంది, ప్రాణం పోతున్న కుందేలు అవదు. తెల్లవారుజామున చలికి ఉమ్ము గడ్డకట్టి రీడ్ అతుక్కుంటుంది. వాడనప్పుడు చొక్కా లోపల ఉంచండి, ఊదాక అరచేతికి కొట్టి తడి దులపండి.

కాల్చడానికి దాన్ని ఆపాలంటే నోటితో ఒక్కసారి 'వూఫ్' అనండి. రైఫిల్ భుజానికి ఎక్కి, కర్ర మీద కుదురుకుని ఉన్నప్పుడు మాత్రమే. ముందే అంటే ఆగుతుంది, మిమ్మల్ని చూస్తుంది, మీరు తుపాకీ ఎత్తేలోపు పోతుంది. ఆ ఆగడం రెండు మూడు సెకన్లే.

విజయవాడలో సాధన అన్నారు. కడుపుతో ఊదడం ఇంట్లో గది తలుపులు మూసుకుని నేర్చుకోవచ్చు, వీధికుక్కలు ఎలాగూ అందుకుంటాయి, రాత్రిపూట వద్దు. దగ్గర్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి ఉంటే, నిలబడి కాకుండా నేల మీద కూర్చుని, మోకాళ్ళు మడిచి, కర్ర ఆన్చి సాధన చేయనివ్వమని అడగండి. ట్రిగర్ మీద వేలు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నది అక్కడే అలవాటైపోవాలి. అన్నిటికంటే పెద్ద సాధన, పొద్దున్నే ఏ తోటలోనో పావుగంట కదలకుండా కూర్చోవడం. పిల్లలతో కలిసి చేయండి.


కొల్లిపర_రైతు

మాస్టారూ, అడగనా వద్దా అనుకుంటూనే అడుగుతున్నా. మా లంక పొలాల్లో నక్కలు మొక్కజొన్న పొత్తులు విరిచేస్తున్నాయి, పుచ్చకాయలు కొరికేస్తున్నాయి. ఈ కాలర్ ఒకటి తెప్పించి వాటిని ఒకచోటికి రప్పించి పట్టుకుంటే?


గుంటూరు_వకీలు

వద్దు బాబాయ్, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చింది, నక్క ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ షెడ్యూల్ జంతువు విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళకి తగ్గని, ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా పాతిక వేలకి తక్కువ ఉండదు. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పంట నష్టం అన్న కారణం మీద మొదటి షెడ్యూల్ జంతువుని చంపడానికి అనుమతి రాదు. టెక్సాస్‌లో సీజన్ కూడా లేని జంతువుకీ, మన కృష్ణ లంకల్లో తిరిగే నక్కకీ చట్టం దృష్టిలో పోలికే లేదు. ఫోన్లో నక్క ఊళ పెట్టి పిలవడం కూడా సరదాకైనా చేయొద్దు.

కంచెకి ఇంటి కరెంటు మాత్రం ఎప్పుడూ కలపకండి. నక్క కంటే ముందు పక్క పొలం మనిషి చనిపోతాడు, అది కూలీ కావచ్చు, మీ పిల్లాడే కావచ్చు. సోలార్ కంచె వేయాలంటే ఎనర్జైజర్ ఉన్నదే వేయండి, అది క్షణంలో వందోవంతు కంటే తక్కువసేపు కొట్టి వదిలేస్తుంది, పట్టుకుని ఉండదు. నక్క తీగ కింద నుంచి దూరుతుంది కాబట్టి మొదటి తీగ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, దాన్ని తాకే గడ్డి ఎప్పటికప్పుడు కోయాలి, లేకపోతే కరెంటు భూమిలోకి కారిపోతుంది. నష్టం ఎక్కువగా ఉంటే ఫోటోలు తీసి ఫారెస్ట్ రేంజి ఆఫీసులో కాగితం ఇవ్వండి.


మెస్కీట్_నీడ

పటమట తమ్ముడికి ఇంకో సంగతి, పైన మర్చిపోయాను. పడ్డ కయోటీ దగ్గరికి పెద్దవాళ్ళు ఇద్దరే, వీపు వైపు నుంచి వెళ్ళాలి. పొడుగాటి కర్రతో కన్ను తాకి చూడాలి. రెప్ప కదలకపోతేనే చేయి పెట్టాలి, అదీ రబ్బరు గ్లవ్స్ వేసుకుని. కయోటీల్లో రేబిస్ ఉంటుంది. దక్షిణ టెక్సాస్‌లో అది ప్రబలితే 1995లో విమానాల నుంచి టీకా ఎరలు చల్లడం మొదలుపెట్టారు. గజ్జి కూడా మామూలే, తోక బొచ్చు ఊడి ఎలుక తోకలా ఉంటే దాన్ని ముట్టుకోకండి. చల్లారేకొద్దీ గోమార్లు ఒంటి మీద నుంచి దిగి వెచ్చని మనిషిని వెతుక్కుంటాయి, కాబట్టి ఫోటో కోసం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి. దెబ్బతిని పారిపోయింది అనిపిస్తే, అది నిలబడ్డ చోటికీ ఆఖరిసారి కనిపించిన చోటికీ గుడ్డముక్క కట్టి, నెత్తురు మరక పట్టుకుని వెతకండి. దొరికేదాకా తర్వాతి స్టాండ్‌కి వెళ్ళొద్దు.

కళేబరం సంగతి యజమాని చెప్పినట్టు చేయండి, రోడ్డు పక్కన పడేయడం తప్పు.


గుంటూరు_వకీలు

తిరుగు ప్రయాణం గురించి కూడా రాసేస్తాను. తోలు, గోరు, పన్ను, ఏదీ గుర్తుగా తేవొద్దు, కస్టమ్స్‌లో సమాధానం చెప్పుకోలేరు. అంతకంటే పెద్ద చిక్కు తూటాలది. వేటకి వేసుకున్న జాకెట్ జేబులో ఒక్క తూటా మిగిలి, ఆ జాకెట్ సూట్‌కేసులోకి వెళ్ళి, గన్నవరంలోనో హైదరాబాద్‌లోనో స్కానర్‌లో కనిపిస్తే, 1959 ఆయుధాల చట్టం కింద కేసు. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదన్నది ఇక్కడ సమాధానం కాదు. కాల్చిన ఖాళీ తొడుగు కూడా తేకండి, స్కానర్ దగ్గర ఆపి గంటలు కూర్చోబెడతారు. బయల్దేరే ముందురోజు ప్రతి జేబూ, బూట్ల లోపలా, పిల్లల బ్యాగులూ తిరగేసి చూడండి. మెరిసే ఇత్తడి తొడుగులు ఏరుకుని దాచుకునేది వాళ్ళే.


పటమట_కుర్రాడు

పిల్లల బ్యాగుల మాట నాకు తట్టేదే కాదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఈ వారమే మొదలుపెడుతున్నాను, బావగారినీ చేయమన్నాను. రాంచి ఆయన్ని కాపలా కుక్కల గురించి, మజిల్ బ్రేక్ గురించి అడిగి ఇక్కడే రాస్తాను.